పళ్ళెములో పప్పుపిండికి చోటు

(డాక్టర్ సి. గోపాలన్ స్మృతికి అంకితముగా నయాపూల్ సమీపమున చేసిన ఉపన్యాసము)



ఆకలిగొన్న దేశమునకు ఏమి పెట్టవలెనను ప్రశ్న లేచినప్పుడెల్ల చేపపిండివైపు, పాలపొడివైపు, యంత్రశాలలలో తీసిన మాంసకృత్తుల సారములవైపు ప్రపంచపు దృష్టి మరలుచుండిన కాలమున, పేదవాడు నిత్యము తిను ధాన్యమును, పప్పును, ఆకుకూరను కడుపునిండ పెట్టగలిగినచో మాంసకృత్తుల కొరత చాలవరకు దానంతట అదియే తీరునని, మన పిల్లల పళ్ళెములో లోపించినది తగినంత తిండియే యని, ఇంటింటి ఆహారపు లెక్కలను ఎదుటబెట్టి వాదించి నిలబడిన శాస్త్రజ్ఞుడు డాక్టర్ సి. గోపాలన్. ఆయన జన్మించిన 1918వ సంవత్సరముననే కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి పరిశోధనకై ఒక చిన్న ప్రయోగశాలను ఆరంభించెను. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. గోపాలన్ గారి సారథ్యమున 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. నూరేండ్లు నిండిన జీవితమును గడపి 2019లో ఆయన అస్తమించిరి. అద్భుతాహారముల మీద ఆయనకు ఎన్నడును నమ్మకము లేకుండెను. మనిషి ఏమి తినుచున్నాడు, ఎంత తినుచున్నాడు, ఆ తిండిలో దేని స్థానమున ఏది వచ్చినది అని విచారించుటయే ఆయన పద్ధతి. ఈనాటి నా విషయమునకు కూడ ఆ పద్ధతియే శరణ్యము.

పప్పుపిండి వంటలవలన రక్తశర్కరయందును ఆకలియందును కలుగు మార్పులను విషయముగా గైకొనుటకు ఈ స్థలమే నన్ను పురికొల్పినది. నయాపూల్ వంతెనకు ఉత్తరపు దరిని ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు దరిని హైకోర్టు. ఆసుపత్రి చెంతనే, ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా ధాన్యవర్తకులకు చోటిచ్చి నిలిపిన అఫ్జల్‌గంజ్. అటుపై నాలుగడుగులు వేసినచో శనగపప్పు, పెసలు, మినపగుళ్ళు, పుట్నాలు బస్తాలకొలది చేతులు మారు బేగంబజారు. ప్రొద్దుటనే ఓపీ చీటీకై వరుసకట్టు రోగులలో మధుమేహులెందరో కలరు; సాయంకాలమైనంతనే ఆ దారి ప్రక్కనే, బండిమీది మూకుడులో శనగపిండి తొడుగుకొన్న మిరపకాయలు నూనెపై తేలుచుండును. రోగికి వైద్యుడు చెప్పు మాట ఏమి? అన్నము తగ్గించుమని. రోగి వెంటనే అడుగు మాట ఏమి? “అన్నం తక్కువ తినమన్నరు సార్, మరి శెనగపిండి తినొచ్చునా?” ఈ ప్రశ్నకు అవుననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పి పంపుట సులభము, కాని ఆ ఒక్క మాట రోగికి అన్యాయము చేయును.

శనగపిండికి మన నగరముతో శాస్త్రసంబంధమైన బాంధవ్యము పాతది. బలహీనులైన పిల్లల కొరకు జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన పొడికి ‘హైదరాబాద్ మిక్స్’ అనియే పేరు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగలు 16 గ్రాములు, వేరుశనగలు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు కలిపి పొడిచేసిన ఆ 86 గ్రాముల మిశ్రమమున సుమారు 330 కేలరీల శక్తియు, 11 గ్రాములకు పైబడిన మాంసకృత్తులును లభించును. ధాన్యపు మాంసకృత్తులలో లైసీన్ తక్కువ, పప్పులలో అది పుష్కలము. పప్పులలో కొరవడిన మెథియోనీన్ ధాన్యములో కలదు. కనుక రెండును కలిసినప్పుడు ఒకదాని లోటును మరియొకటి పూడ్చును. ఎక్కడినుండియో తెప్పించవలసిన వస్తువొక్కటియు అందులో లేదు. ఏ ఊరి అంగడిలోనైనను దొరకు దినుసులతో, ఏ తల్లియైనను తన పొయ్యిమీద వేయించి విసురుకొనగల ఆ పొడిలో గోపాలన్ గారి ఆలోచన యంతయు ఇమిడియున్నదని నేను తలంతును.

అయితే ఆ పొడి ఎవరి కొరకు పుట్టెనో ఆ తరపు పిల్లలు నేడు పెద్దవారైనారు. వారిలో పలువురు మధుమేహముతో బాధపడుచున్నారు. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో దేశమంతట జరిగి 2023లో ప్రకటితమైన సర్వేక్షణము ప్రకారము మన దేశమున మధుమేహుల సంఖ్య 10 కోట్లు దాటినది. మధుమేహపు గడపపై నిలిచినవారు మరి 13 కోట్లకు పైబడిరి. నిన్న ఆకలికి విరుగుడుగా తలచిన దినుసునే నేడు అతిపోషణవలన కలిగిన రోగమునకును విరుగుడుగా తలచుట చిత్రముగా తోపవచ్చును. కాని ఈ రెండు ఉపయోగములకును కారణము గింజయొక్క నిర్మాణములోనే కలదు. నేను కొంత నిదానముగా చెప్పదలచినది దానిని గూర్చియే.

ఒక శనగబద్దను నానబెట్టి, మెత్తగా ఉడికించి, వ్రేళ్ళ నడుమ నలిపి, ఆ ముద్దలోనుండి ఆవగింజంత తీసి గాజుపలకపై పరచి, ఒక చుక్క అయొడిన్ ద్రావణము వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో, గుండ్రని సంచులవంటి కణములు ఒకదానినుండి ఒకటి విడివడి చెక్కుచెదరక కనుపించును. గాదెలో వడ్లవలె ఒక్కొక్క కణములో గంజిరేణువులు క్రిక్కిరిసి నీలివర్ణము దాల్చి యుండును. ఉడుకునప్పుడు కణమునకు కణమునకు నడుమనున్న పెక్టిన్ బంధము కరగును, కాని కణపు గోడ పగులదు. ఇపుడు పచ్చి శనగపప్పును గిర్నీలో విసిరించి తెచ్చిన మెత్తని పిండిని చిటికెడు తీసి అట్లే చూడుడు: గోడలు ముక్కలై, రేణువులు బయటపడి, పలకనిండ చెల్లాచెదరై యుండును. పచ్చిగింజలో ఆ బంధము గట్టిది, గోడ పెళుసైనది. తిరుగలిరాయి ఒరిపిడికి బంధము ఊడుటకు ముందే గోడ చీలును. ఉడికించి నలిపిన పప్పునకు, నలిపి ఉడికించిన పిండికి గల భేదమంతయు ఇదియే.

ఈ భేదము వంటింటిలో కంటికి కానరాదు, కడుపులో తెలియును. అన్నపు గంజిని జీర్ణరసములోని అమైలేస్ మొదలగు కిణ్వములు క్షుద్రాంత్రపు మొదటి భాగముననే గ్లూకోజుగా మార్చును. అది ఒక్కుమ్మడిగా రక్తములోనికి చేరును. ఆరోగ్యవంతునికి ఇన్సులిన్ వెంటనే స్రవించి దానిని సర్దును, మధుమేహికి ఆ సర్దుబాటు జరుగక శర్కర పైకెగయును. పప్పులో రేణువులు కణపు గోడల లోపల, మాంసకృత్తుల పొరల నడుమ ఇరుకుకొని యుండుటచేత కిణ్వము వాటిని చేరుటకే కాలము పట్టును. చేరిన పిదప కూడ, పప్పుగంజిలో అమిలోజ్ పాలు ఎక్కువయగుటచేత, విడదీయుట ఆలస్యమగును. పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహారపట్టికల ననుసరించి నూరు గ్రాముల శనగపప్పులో మాంసకృత్తులు సుమారు 21 గ్రాములు, పీచు సుమారు 15 గ్రాములు; మరపట్టిన బియ్యములో మాంసకృత్తులు 8 గ్రాములకు, పీచు 3 గ్రాములకు మించవు. పిండిగా విసిరినను ఈ మాంసకృత్తులు, ఈ పీచు, ఆ అమిలోజ్ ఎక్కడికిని పోవు. పోవునది కణపు గోడ యిచ్చు కాపుదల మాత్రమే. కనుక పప్పును పిండిచేయుటతో మేలులో కొంత నష్టమగును, అంతయు నష్టము కాదు.

ఈ విషయమును మొదట కొలతకు తెచ్చినవాడు కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ జెంకిన్స్. 1981లో ఆయన తన సహచరులతో కలిసి, ఏ తిండి రక్తశర్కరను ఎంత పెంచునో తెలుపు గ్లైసీమిక్ సూచికను ప్రకటించెను. శుద్ధ గ్లూకోజునకు 100 అని పెట్టుకొని లెక్కించినప్పుడు తెల్లన్నపు సూచిక 70 దాటును, ఉడికిన శనగలది 30కి లోబడును. మరుసటి యేట ఆయన బృందమే మరియొక విశేషమును బయటపెట్టినది: ప్రొద్దుట మసూరుపప్పు తినినవారికి, ఆ పూట మాత్రమేకాక, మధ్యాహ్నపు భోజనము తరువాత కూడ శర్కర తక్కువగా పెరిగెను. జీర్ణము కాక మిగిలిన గంజియు, పప్పులలోని రాఫినోజ్, స్టాకియోజ్ వంటి చక్కెరలును బృహదంత్రమునకు చేరి అచటి సూక్ష్మజీవులచే పులిసి, స్వల్పశృంఖల కొవ్వు ఆమ్లములుగా మారుట దీనికొక కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పప్పు తినినపుడు కడుపుబ్బరము కలుగుటకు కారణము కూడ ఆ పులియుటయే. మన ఇల్లాండ్రు శనగపిండిలో వామును, పప్పులో ఇంగువను తప్పక వేయుట ఈ బాధనెరిగి చేసిన ఏర్పాటు. శనగలు పడవని వాటిని ఒక్కసారిగా విడిచిపెట్టు రోగులకు, కొంచెము కొంచెముగా పెంచుచు పోయినచో పలువురికి రెండుమూడు వారములలో ఈ ఇబ్బంది తగ్గునని నేను చెప్పుచుందును.

ఒక్క పూట కొలతలు మందుచీటీ వ్రాయుటకు చాలవు. 2012లో జెంకిన్స్ బృందము ప్రకటించిన పరీక్షలో 121 మంది మధుమేహులు మూడు నెలలు పాల్గొనిరి. వారిలో దినమునకొక కప్పు పప్పుధాన్యములు తినినవారి రక్తములో, కొన్ని నెలల సగటు శర్కరను తెలుపు గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్ అర శాతము తగ్గెను. గోధుమ పీచు ఎక్కువగా తినిన రెండవ వర్గమువారికి 0.3 శాతము తగ్గెను. భేదము పెద్దది కాదు. మాత్రలు మాని శనగలు తినుమని చెప్పు నాటువైద్యులకు ఈ అంకె ఊతమియ్యదు. ఆహారమును నిర్లక్ష్యము చేసి మాత్రలమీదనే భారము వేయువారికి కూడ ఇది సాకు కాజాలదు. ఏండ్ల తరబడి కళ్ళను, మూత్రపిండములను, పాదములను పాడుచేయు రోగములో ఇంతటి తగ్గుదల కూడ ఉపేక్షింపదగినది కాదు.

ఇక పిండి సంగతి. కణపు గోడ పగులకుండ పిండిచేయగలమా యను ప్రశ్నకు లండను కింగ్స్ కళాశాలవారు, నార్విచ్‌లోని క్వాడ్రమ్ సంస్థవారు కలిసి సమాధానము వెదకిరి. శనగలను ముందు తడివేడితో మెత్తపరచి, కణములను విడదీసి, ఆరబెట్టి పొడిచేసిరి. ఆ పొడిని గోధుమపిండిలో నూటికి 30 పాళ్ళు, 60 పాళ్ళు చొప్పున కలిపి రొట్టె కాల్చి ఇరువదిమంది ఆరోగ్యవంతులకు పెట్టిరి. 2023లో వెల్లడియైన ఫలితములనుబట్టి, ఆ పొడి ఎక్కువగానున్న రొట్టె తినినప్పుడు రక్తశర్కర మామూలు తెల్లరొట్టెకంటె దాదాపు 40 శాతము తక్కువగా పెరిగినది. ప్రేగులలో పుట్టి ‘చాలు’ అని మెదడునకు తెలుపు జీఎల్‌పీ-1, పీవైవై అను హార్మోనులు ఎక్కువగా స్రవించినవి. నేడు స్థూలకాయమునకు వేలకువేలు పోసి పొడిపించుకొను సూదిమందులు ఈ జీఎల్‌పీ-1నే అనుకరించునవి. మందు బలము వేరు, తిండి బలము వేరు, రెంటిని ఒకే తక్కెడలో తూచరాదు. అయినను నెమ్మదిగా అరుగు తిండి ప్రేగుల దిగువ భాగమువరకు పోయి ఆ హార్మోనును సహజముగనే మేల్కొలుపుట గమనింపదగినది.

ఆ ప్రయోగశాలలో యంత్రములతో సాధించిన పనిని మన వంటింటిలో పప్పుగుత్తి ఎన్నడో సాధించినది. కుండలో ఉడికిన కందిపప్పును పప్పుగుత్తితో ఎనిపినపుడు కణములు విడివడును గాని పగులవు. బూరెలకు, బొబ్బట్లకు శనగపప్పును ముందుడికించి రుబ్బు పూర్ణములోను కణములు చాలవరకు నిలుచును; దానిలో పోయు బెల్లమే మధుమేహికి శత్రువు. శనగపిండి పలుచగా కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరప వేసి ఉడికించి పూరీలలోనికి చేయు బొంబాయి చట్నీకి, ఉత్తర తెలంగాణమున జొన్నరొట్టెతో తిను పిట్లకు మెత్తని పిండియే ఆధారము కనుక కాపుదల తగ్గును. అయినను పిట్లలో నూనె స్వల్పము, జొన్నరొట్టె ప్రక్కనుండును, చేరెడు పిండి పెద్ద గిన్నెడు కూరయగును. దానిని నేను మధుమేహికి నిరభ్యంతరముగా చెప్పుదును, పూరీతో కాదు. పెసరట్టు మాట వేరు. పొట్టుతోనున్న పెసలను రాత్రి నానబోసి, అల్లము, పచ్చిమిరప చేర్చి రుబ్బుదురు. వ్రేళ్ళ నడుమ రాచినచో పలుకు తగులునట్లు బరకగా రుబ్బినది, మిక్సీలో వెన్నవలె నలిగినదానికంటె మేలైనది. అందులో బియ్యము చేర్చుట ఇటీవల హోటళ్ళవారికి అలవాటైనది. అట్టు కరకరలాడును గాని పెసలు చేయు మేలు ఆ మేరకు తరుగును. ఉప్మాతో కలిపి తినుట ఆ మేలును మరింత చెరచుటయే. బియ్యపుపిండిలో నానిన శనగపప్పును, నువ్వులను, వేరుశనగలను కలిపి గిన్నెకు తట్టి కాల్చు సర్వపిండిలో పప్పు బద్దలుగనే నిలుచుట మేలు, పిండిలో బియ్యమే అధికమగుట కీడు. పప్పు పాలు పెంచినచో రుచి చెడదు.

రంజాను మాసమున మదీనా, పత్తర్‌గట్టి వీధులలో ఉపవాసము విడుచు వేళ ఉడికించిన శనగలు, దహీబడేలు, వాటి సరసనే మైదా లుఖ్మీలు, తీపిపదార్థములు అమ్మకమునకు వచ్చును. పగలంతయు ఉపవసించు మధుమేహికి తెల్లవారుజామున తిను సహరీ ముఖ్యమైనది. పాతబస్తీ ఇండ్లలో ఆ వేళకు ఖిచిడీ, ఖీమా, ఖట్టా వండు ఆచారమున్నది. ఆ ఖిచిడీలో మసూరుపప్పు పాలు పెంచి బియ్యము తగ్గించినచో ఆకలి ఆలస్యముగా వేయును, శర్కర ఒక్కసారిగా ఎగసిపడదు. ఇందుకు కొత్త వంట నేర్వనక్కరలేదు, దినుసుల కొలత మార్చిన చాలును.

ఆకలి విషయమున ఇంకొక్క నిజము చెప్పవలెను, ఏలయన దీనిని దాచి ప్రచారము చేయువారు ఎక్కువ. పప్పుధాన్యములున్న భోజనము తరువాత కలుగు తృప్తి, అవి లేని భోజనముకంటె 31 శాతము అధికమని 2014లో పలు పరీక్షలను క్రోడీకరించినవారు తేల్చిరి. కాని ఆ తరువాతి పూట తిండి గుర్తింపదగినంత తగ్గలేదని కూడ వారే చెప్పిరి. 2016లో 21 పరీక్షలను, 940 మందిని లెక్కించి చూచినప్పుడు, ఇంచుమించు ఆరు వారములలో తగ్గిన బరువు సగటున కిలోలో మూడవవంతు మాత్రమే. కడుపు నిండినదని తెలియుటకు, చేయి కడుగుటకు నడుమ అలవాటు, రుచి, మొగమాటము అడ్డుపడుచునే యుండును. శనగపిండి ఆకలిని నిదానింపజేయును. మనిషిని పీటమీదనుండి లేపజాలదు.

అందుచేతనే మిరపకాయ బజ్జీని గూర్చి నా అభిప్రాయము కఠినము. అందులోనిది శనగపిండియే, మైదా కాదు, కనుక తినవచ్చునని నాతో వాదించినవారు కలరు. పిండి నీళ్ళలో జారుడుగా కలిసి, కాగిన నూనెలో పడినంతనే నీరు ఆవిరియై పోవును, ఆ ఖాళీలలో నూనె చేరును. కొవ్వు జఠరమును మెల్లగా ఖాళీచేయుటవలన శర్కర ఆ గంటలో అంతగా పెరుగదు. గ్లూకోమీటరు మంచి అంకెనే చూపును. ఆ అంకెను చూచి మోసపోరాదు. అదనపు కేలరీలు నడుముచుట్టు కొవ్వుగా చేరి ఇన్సులిన్ పనిని మొద్దుబార్చును. మరల మరల కాచిన నూనె గుండెకు చేయు కీడు వేరుగా నుండనే యున్నది. పైగా సాయంకాలము తిను ఆ బజ్జీ రాత్రి అన్నమునకు బదులుగా రాదు, అదనముగా వచ్చును. నా ఉపన్యాసమునకు ఆయువుపట్టు ఇచటనే కలదు: పప్పుపిండి వలన కలుగు మేలు, అది పళ్ళెములో తొలగించు అన్నము ఎంతో, మైదా ఎంతో, అంతయే.

ఈ తొలగింపు మనకు ఎందుకు కష్టమైనదో ఆలోచింపుడు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము ఆంధ్రప్రదేశమున పేదల ఆకలిని తీర్చినది. దాని పుణ్యమును తక్కువ చేయుట కృతఘ్నత. కాని బియ్యము చౌకయగుచుండగా పప్పు ప్రియమైనది. తలకు దినమొకటికి లభించు పప్పు దేశములో 1961లో సుమారు 69 గ్రాములుండగా, 2001 నాటికి 30 గ్రాములకు దిగజారెను. పిదప కొంత కోలుకొన్నను జొన్నలు, సజ్జలు, పప్పులు కలిసియుండిన పళ్ళెము చాల ఇండ్లలో తెల్లన్నపు కుప్పగా మారిపోయినది. గోపాలన్ గారి కాలమున, 1972లో, నెలకొన్న జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థవారు ఇంటింటికి తిరిగి తూచిన లెక్కలు ఈ ధాన్యభారమును మనకెన్నడో తెలిపినవి. పోషకాహార సంస్థవారు 2024లో సూచించిన పళ్ళెములో రెండువేల కేలరీలకు ధాన్యములు 250 గ్రాములు, పప్పులు లేదా మాంసము, గ్రుడ్లు కలిపి 85 గ్రాములు. చౌకధరల దుకాణములో బియ్యముతోపాటు కందులో, శనగలో నిలకడగా, చాలినంతగా ఇచ్చుట మధుమేహ చికిత్సలో భాగమని ప్రభుత్వములు గ్రహింపవలెను. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క వైద్యుడు చెప్పు మాటకంటె రేషను సంచిలో పడు రెండు కిలోల పప్పు ఎక్కువ పనిచేయును.

పిండి కొనువారికి ఒక హెచ్చరిక. కేసరిపప్పును శనగపిండిలో కలిపి అమ్ముట పాత మోసము. కరవు రోజులలో అదియే ఆహారముగా నెలల తరబడి తినిన మధ్యప్రదేశపు రేవా ప్రాంతపు కూలీలకు కాళ్ళు చచ్చుబడిన వైనమును మన హైదరాబాదు శాస్త్రజ్ఞులు దగ్గరనుండి పరిశీలించిరి. దాని విక్రయమును 1961లో నిషేధించిరి. అప్పుడప్పుడు తినిన బజ్జీతో ఎవరికిని కాళ్ళు పడిపోవు. కాని దినదినము రోగికి పెట్టు పిండి పప్పుగా కొని, కంటితో చూచి ఏరి, దగ్గరి గిర్నీలో బరకగా విసిరించుకొనుట అన్ని విధముల మేలు. గిర్నీవానిని మెత్తగా పట్టవద్దని ముందుగనే చెప్పవలెను, ఏలయన వారు మెత్తదనమునే పనితనమనుకొందురు.

తుదిగా, ఈ మాటలు విని రేపటినుండి పళ్ళెమును మార్చదలచిన మధుమేహులకు రెండు సంగతులు. ఇన్సులిన్‌గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలుగాని వాడుచున్నవారు అన్నమును సగము చేసి పప్పును హెచ్చించినపుడు, మందు మోతాదు పాత అన్నమునకు సరిపోయినదై యుండుటచేత శర్కర హఠాత్తుగా పడిపోవచ్చును. చెమటపట్టి, వణుకు పుట్టి, కళ్ళు తిరిగినచో అది దాని గుర్తు, అప్పుడు ముందు చక్కెర నీళ్ళు త్రాగవలెను, పప్పు కాదు. కనుక మార్పునకు ముందు వైద్యునితో మాటలాడి, మొదటి పది దినములు శర్కరను తరచు చూచుకొనుచు, కొంచెము కొంచెముగా మార్చవలెను. ఇక మూత్రపిండములు దెబ్బతినినవారు, క్రియాటినిన్ పెరిగినదని వైద్యుడు చెప్పినవారు, పప్పుధాన్యములలోని మాంసకృత్తులు, పొటాషియము తమకు ఎంతవరకు తగునో కొలిపించుకొనక ఈ ఉపన్యాసమును ఆధారముగా చేసికొనరాదు; వారి పళ్ళెము వేరు, దాని లెక్క వేరు, ఆ లెక్కను వారి వైద్యుడే చెప్పవలెను.